నష్టం తెచ్చే మడే చెరువునూ చెడగొట్టింది: మసాచుసెట్స్‌లో ఒక క్రాన్‌బెర్రీ తోట కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు అమెరికాలోని ఆగ్నేయ మసాచుసెట్స్‌లో ఒక కుటుంబం సాగు చేస్తున్న క్రాన్‌బెర్రీ తోటకు సంబంధించింది. ఆ ప్రాంతపు రైతులకు ఎరువుల వాడకం, నీటి యాజమాన్యంపై సలహాలివ్వడం నా వృత్తి. రైతును గాని, ఊరిని గాని, చెరువును గాని గుర్తుపట్టే వీలున్న వివరాలను తీసివేశాను. విస్తీర్ణాన్ని, దిగుబడులను ఉజ్జాయింపు అంకెల్లోనే చెబుతున్నాను. ప్రతి నిర్ణయం వెనుక ఏ ఆలోచన ఉందో మాత్రం పూర్తిగా రాస్తున్నాను.

క్రాన్‌బెర్రీ గురించి మన పాఠకుల్లో చాలామందికి తెలిసినది నీటి మీద ఎర్రగా తేలే పళ్ల ఫొటోయే కాబట్టి, అది నీటిలో పెరిగే పంట అన్న అభిప్రాయం ఉంది. నిజానికి అది ఆమ్ల గుణం గల పల్లపు నేలల్లో పాకే తీగ. వేసవి అంతా ఆరిన మడిలోనే పెరుగుతుంది. కోత సమయంలో మడిని నీటితో నింపి, యంత్రంతో తీగలను కదిపితే, లోపల గాలి గదులున్న పళ్లు విడివడి పైకి తేలుతాయి. చలికాలంలో తీగలు గడ్డకట్టించే చలిగాలికి ఎండిపోకుండా మరోసారి నీరు నిలుపుతారు. 1816 ప్రాంతంలో అదే రాష్ట్రపు సముద్రతీరమైన కేప్ కాడ్‌లోని డెన్నిస్ అనే ఊరిలో హెన్రీ హాల్ అనే ఆయన, గాలికి ఇసుక కొట్టుకొచ్చి పడిన చోట అడవి తీగలు మరింత బలంగా కాయడం గమనించి సాగు మొదలుపెట్టాడు. కొన్నేళ్లకోసారి మడిపై పలుచగా ఇసుక పరిచే పద్ధతి ఈనాటికీ కొనసాగుతోంది. మడి, గట్టు, కాలువ, తూము, తూములో ఎత్తుతూ దించుతూ ఉండే పలకలు అన్నీ ఇక్కడా ఉంటాయి కాబట్టి, డెల్టా వరి పొలాల్లో తిరిగినవారికి ఈ తోటల అమరిక అర్థం కావడానికి ఎక్కువ సమయం పట్టదు.

మనం చెప్పుకుంటున్న తోట సుమారు 40 ఎకరాలు. ఎగువ మడులు ఇసుక నేలలో ఉన్నాయి, మురుగు బాగా పోతుంది. దిగువన ఉన్న మూడు మడులు లోతైన పీట్ నేలలో, అంటే వేల ఏళ్లుగా నాచు, వేర్లు సగం కుళ్లి పేరుకున్న నల్లటి మెత్తని నేలలో ఉన్నాయి. ఎక్కువ భాగం ఎర్లీ బ్లాక్, హోవ్స్ అనే పాత రకాలు, కొంత స్టీవెన్స్ అనే సంకర రకం. ఎగువ మడుల నీరంతా దిగువ మడుల గుండా పారి, చివరి తూము నుంచి ఒక సహజమైన చెరువులోకి చేరుతుంది.

వచ్చిన సమస్య

రైతు నన్ను పిలిచిన నాటికి ఆయనను రెండు వైపుల నుంచి ఒత్తిడి కమ్ముకుంది. మొదటిది ధర. క్రాన్‌బెర్రీని బ్యారెళ్లలో, అంటే 100 పౌండ్ల లెక్కన అమ్ముతారు. సహకార సంఘంలో సభ్యత్వం లేని రైతులకు 2010 దశాబ్దం రెండో సగంలో సాగు ఖర్చు కూడా తిరిగి రాని ధరలు వచ్చాయి. నిల్వలు ఎంతగా పేరుకుపోయాయంటే, 2018 పంటపై పరిమితి విధించడానికి అమెరికా వ్యవసాయ శాఖ ఆమోదం ఇవ్వవలసి వచ్చింది. రెండోది చెరువు. వేసవిలో నీటిపై నీలి ఆకుపచ్చ నాచు దట్టంగా కమ్ముతోంది. దానిలో కొన్ని జాతులు విషపదార్థాలను విడుదల చేస్తాయి కనుక పిల్లలను, కుక్కలను నీటిలోకి దిగనివ్వకూడదని హెచ్చరికలు పెడుతున్నారు. ఒడ్డున ఇళ్లున్నవారి వేళ్లన్నీ తోట వైపే చూపిస్తున్నాయి.

మంచినీటి చెరువుల్లో నాచు పెరుగుదలకు హద్దు వేసేది సాధారణంగా భాస్వరం. సముద్రపు పాయల్లో ఆ పాత్ర నత్రజనిది. కాబట్టి ఈ కేసులో ప్రశ్న భాస్వరం గురించే. రైతు మాట సూటిగా ఉంది: భాస్వరం తగ్గిస్తే పూత, కాత తగ్గుతాయి, ఈ ధరల్లో దిగుబడి కూడా తగ్గితే తోట నిలవదు. లాభాన్ని, చెరువును ఆయన త్రాసులోని రెండు పళ్లాలుగా చూస్తున్నారు. ఇరుగుపొరుగు చూపు కూడా అదే.

అప్పటికే ప్రయత్నించినది, అది విఫలమైన తీరు

నేను వెళ్లక ముందే ఆయన చెరువు కోసం ఒక పని చేస్తున్నారు. కోత ముగిశాక మడిలోని నీటిని వెంటనే వదలకుండా, మట్టి, ఆకులు అడుగుకు చేరి తేరుకునే దాకా మూడు వారాలకు పైగా నిలిపి ఉంచుతున్నారు. ఎకరం మడిలో అడుగు లోతు నీరంటే దాదాపు 3,26,000 గ్యాలన్లు. అంత నీటిని అంతకాలం కాపాడటం తేలిక కాదు, గట్లు చూసుకోవాలి, ఇతర మడుల కోత ఆగిపోతుంది. అయినా మంచి ఉద్దేశంతో చేశారు. చూసేవారికి ఆ నీరు తేటగా ఉంది కూడా.

ఒకప్పుడు బాపట్లలో వరి నేలల గురించి చదివిన పాఠం ఈ దశలోనే నాకు పనికొచ్చింది. నేలలో భాస్వరం చాలా మేరకు ఇనుముతో బంధించబడి ఉంటుంది. నీరు నిలిచి నేలలో ప్రాణవాయువు అయిపోయినప్పుడు, సూక్ష్మజీవుల చర్య వల్ల ఆ ఇనుము కరిగే రూపానికి మారుతుంది, దానితో పట్టి ఉన్న భాస్వరం విడిపోయి నీటిలోకి వస్తుంది. వరి రైతుకు ఇది మేలు; దమ్ము చేసి నీరు పెట్టిన పొలంలో భాస్వరం పైరుకు సులభంగా అందడానికి ఇదొక కారణం. క్రాన్‌బెర్రీ మడిలో మాత్రం కోత అయిపోయిన తీగలకు ఆ సమయంలో దానితో పని లేదు, తూము తెరవగానే అది నేరుగా చెరువుకు పోతుంది. పైగా మట్టి రేణువులకు అంటి ఉన్న భాస్వరం కన్నా ఇలా కరిగిన భాస్వరాన్నే నాచు తొందరగా వాడుకుంటుంది.

అనుమానం ఎంత బలమైనదైనా దాన్ని కొలిచి చూడకుండా రైతు పద్ధతిని మార్చమనడం సరికాదు. అందుకని తోటలోకి వచ్చే నీటిని, ప్రతి మడి తూము దగ్గర బయటికి వెళ్లే నీటిని, వదలడం మొదలైనప్పుడు, మధ్యలో, చివర వేరువేరుగా నమూనాలు తీసి పరీక్షకు పంపాం. ఇసుక మడుల నీటిలో నిలిపిన రోజులకు, భాస్వరానికి పెద్దగా సంబంధం కనబడలేదు. పీట్ మడుల్లో మాత్రం మొదటి కొద్ది రోజులు తక్కువగా ఉండి, తరువాత పెరుగుతూ పోయింది. తేటగా కనిపిస్తున్న నీరే ఎక్కువ భాస్వరాన్ని మోస్తోంది. ఈస్ట్ వేర్‌హామ్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ క్రాన్‌బెర్రీ పరిశోధన కేంద్రం చేసే సిఫారసు కూడా ఇదే దిశలో ఉంది: రేణువులు దిగడానికి ఒకటి నుంచి మూడు రోజులు చాలు, పది రోజులు దాటనివ్వకూడదు.

ఎరువు లెక్క

నీటి సంగతి తేలాక ఎరువుల పుస్తకం తెరిచాం. తోటలో ఏళ్లుగా 12-24-12 అనే మిశ్రమ ఎరువు వాడుతున్నారు; ఆ అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్‌లకు సంబంధించినవి. ఏటా ఎకరానికి రెండు వందల పౌండ్లు. సంచి మీద ఉండే మధ్య అంకె భాస్వరం శాతం కాదు, భాస్వరం పెంటాక్సైడ్ శాతం. అసలు భాస్వరం అందులో 44 శాతమే. మన దగ్గర 50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల పెంటాక్సైడ్ ఉంటుందని చెప్పుకుంటామే, అందులో మూలక భాస్వరం దాదాపు 10 కిలోలు. అదే లెక్కన ఈ తోటలో ఏటా ఎకరానికి 24 పౌండ్ల నత్రజనితో పాటు 21 పౌండ్ల భాస్వరం పడుతోంది. పరిశోధన కేంద్రం గరిష్ఠ పరిమితిగా చెప్పే 20 పౌండ్లకు అది కాస్త పైన.

అయితే పరిమితిని చూపించి తగ్గించమనడం కన్నా, పంట నిజంగా ఎంత తీసుకెళుతోందో చూపించడం ఎక్కువ పనిచేసింది. 100 గ్రాముల క్రాన్‌బెర్రీ పండులో భాస్వరం సుమారు 11 మిల్లీగ్రాములే. ఎకరానికి 200 బ్యారెళ్లు, అంటే 20,000 పౌండ్ల పండు కోసినా, తోట దాటి వెళ్లే భాస్వరం రెండు పౌండ్ల పైచిలుకు మాత్రమే. ఇరవై వేసి రెండు తీస్తున్నారు. మిగిలినది తీగలో, నేలలో, కాలువలో, చెరువులో ఉంది. ఈ లెక్కను రైతు స్వయంగా కాగితం మీద మళ్లీ వేసి చూసుకున్నారు. ఆ తరువాత మా మాటల్లో భయం పాలు చాలా తగ్గింది.

ఆకు విశ్లేషణ మిగతా సందేహాన్ని తీర్చింది. ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా తీసిన కొమ్మల్లో భాస్వరం 0.10 నుంచి 0.20 శాతం మధ్య ఉంటే తీగకు కొరత లేదని అర్థం. ఈ తోటలోని పాత మడులన్నీ ఆ పరిధిలో పై సగంలోనే ఉన్నాయి. నేల పరీక్షను మాత్రమే నమ్మి ఉంటే ఈ స్పష్టత వచ్చేది కాదు, ఎందుకంటే ఇంత ఆమ్ల నేలల్లో నేల పరీక్ష చూపే భాస్వరానికి, తీగ స్పందనకు పొత్తు అంతగా కుదరదు. బహువార్షిక పంటలో ఆకే నమ్మదగిన సాక్షి.

నత్రజనిని అలాగే ఉంచి, ఎరువును 18-8-12కు మార్చాలని నిర్ణయించాం. అదే 24 పౌండ్ల నత్రజనికి 133 పౌండ్ల ఎరువు సరిపోతుంది, భాస్వరం ఐదు పౌండ్ల లోపుకు దిగుతుంది. మోయవలసిన బరువు, చల్లే కూలి కూడా తగ్గుతాయి. అయినా ఒకే ఏడాది తోట అంతటా మార్చలేదు. తీగ తనలో నిల్వ ఉన్న పోషకంతో ఒకటి రెండేళ్లు నెట్టుకురాగలదు కాబట్టి, మొదటి ఏడాది దిగుబడి బాగుందని సంతోషించి, మూడో ఏడాది దెబ్బతినే అవకాశం ఉంది. అందుకే ముందు ఆకు భాస్వరం ఎక్కువగా ఉన్న మడుల్లో మార్చి, పక్కనే ఒక మడిని పాత పద్ధతిలోనే ఉంచి, ఏటా ఆకు ఫలితం చూసి ముందుకు వెళ్లాం. కొన్ని పంటకాలాల తరువాత కూడా రెంటి దిగుబడుల మధ్య తేడా వాతావరణం వల్ల ఏటా వచ్చే తేడాను మించలేదు. ఆకు భాస్వరం నెమ్మదిగా దిగినా 0.10 శాతానికి పైనే నిలిచింది.

నీటిని మళ్లించడం

కోత నీటి విషయంలో చేసిన మార్పులు ఖర్చు లేనివే. ఎగువ మడిని కోసిన నీటినే కింది మడికి దించి, ఒకే నీటితో వీలైనన్ని మడులు కోసేలా వరుస మార్చాం. తూము పలకలను పైనుంచి ఒక్కొక్కటిగా తీస్తూ పై నీటిని నిదానంగా వదిలాం, అడుగున మట్టితో కలిసిన నీటిని చివర తొందరపడి తోడేయకుండా కాలువల్లోనే ఇంకనిచ్చాం. పీట్ మడుల నీరు వారం రోజులు దాటకుండా చూశాం. ఎగువ మడులలో కొన్నింటి నీటిని చెరువుకు బదులు తోటలోని నిల్వ కుంటకు పంపు చేయడానికి మాత్రం ఒక పైపు వేయవలసి వచ్చింది. ఆ నీరే వేసవిలో స్ప్రింక్లర్లకు, వసంతంలో మొగ్గలను మంచు నుంచి కాపాడటానికి తిరిగి ఉపయోగపడింది.

వసంతంలో నెల రోజులు నీరు నిలిపే పద్ధతి మీద మా మధ్య ఎక్కువ చర్చ జరిగింది. ఏప్రిల్ మధ్య నుంచి మే మధ్య దాకా మడిని ముంచి ఉంచితే ఎర్ర నల్లి, కాయతొలిచే పురుగు, పండు కుళ్లు తగ్గుతాయి, ఆ ఏడాది ఎరువు కూడా సుమారు మూడో వంతు తగ్గించవచ్చు. మందుల పిచికారీ తగ్గించాలనుకునే రైతుకు ఇది చాలా విలువైన పద్ధతి. కానీ భాస్వరం కోణంలో చూస్తే, వెచ్చబడుతున్న నీటిని నెల రోజులు నిలపడం మనం కోత సమయంలో వద్దనుకున్న పరిస్థితినే మళ్లీ కొనితెచ్చుకోవడం అవుతుంది. ఒక మేలు కోసం మరో కీడును మరిచిపోవడం పర్యావరణం పేరుతో చేసే పనుల్లో తరచుగా జరుగుతుంది. చివరికి, నీటిని కుంటకు తిరిగి తోడుకోగల ఇసుక మడుల్లో మాత్రమే, మూడేళ్లకు ఒకసారికి మించకుండా, తీగలు చలికాలం నుంచి బలంగా బయటపడిన ఏడాదే దాన్ని వాడాలని అనుకున్నాం.

పురుగుమందుల గురించి క్లుప్తంగా చెబుతాను. తేదీ చూసి కొట్టే అలవాటు మానిపించి, మడిలో వల ఊపి ఇరవై ఐదు ఊపులకు ఎన్ని పురుగులు పడ్డాయో లెక్కించి, హద్దు దాటితేనే కొట్టేలా, కాయతొలిచే పురుగుకైతే పిందెలను భూతద్దం కింద చూసి గుడ్లుంటేనే కొట్టేలా మార్చాం. పూత కాలంలో తేనెటీగలకు, స్థానిక బంబుల్ తేనెటీగలకు హాని కలగకపోవడం కాపుకే అవసరం. ఇది చాలా తోటల్లో ముందే అమలులో ఉన్న పద్ధతి; ఈ తోట ఆలస్యంగా అందుకుంది.

మడివారీ లెక్క

కేసును అసలు మలుపు తిప్పింది ఎరువు కాదు, ఖాతాల పుస్తకం. రైతు తోట మొత్తానికి ఒకే ఆదాయం, ఒకే ఖర్చు రాసుకునేవారు. సగటు దిగుబడి బాగోలేదని తెలుసు, ఎక్కడ బాగోలేదో తెలియదు. మడివారీగా విడదీయమని అడిగినప్పుడు అది పన్నుల లెక్కకు అక్కర్లేని పనిగా అనిపించింది ఆయనకు. నా ఆలోచన ఇది: ఈ పంటలో ఖర్చు ఎకరాన్ని బట్టి పడుతుంది, రాబడి బ్యారెల్‌ను బట్టి వస్తుంది. మంచు రాత్రి స్ప్రింక్లర్లు నడిపినా, ఇసుక పరిచినా, కోత యంత్రం దింపినా, బలమైన మడికీ బలహీనమైన మడికీ ఖర్చు దాదాపు ఒకటే. ఉదాహరణకు ఎకరానికి 4,000 డాలర్లు ఖర్చనుకుంటే, 200 బ్యారెళ్లు కాసే మడిలో బ్యారెల్‌కు 20 డాలర్లు పడుతుంది, 80 బ్యారెళ్లు కాసే మడిలో 50 డాలర్లు పడుతుంది. ధర 30 డాలర్లున్నప్పుడు రెండో మడిలో కోసే ప్రతి బ్యారెల్ నష్టమే.

లెక్క పూర్తయ్యాక, దిగుబడి పటాన్ని, నీటి నమూనాల పటాన్ని పక్కపక్కన పెట్టి చూశాం. బాగా తక్కువ కాస్తున్నవి దిగువ పీట్ మడులు మూడు. చెరువుకు ఎక్కువ భాస్వరం పంపుతున్నవీ అవే. ఇది యాదృచ్ఛికం కాదు. మురుగు పోని నేలలో వేర్లు ఊపిరాడక తీగ బలహీనపడుతుంది, వేరు కుళ్లు వస్తుంది, కలుపు పెరుగుతుంది, కోలుకుంటుందని రైతు మరింత ఎరువు వేస్తాడు, తీగ తీసుకోలేని ఆ ఎరువు అదే తడి నేల నుంచి విడిపోయి బయటికి పోతుంది. నష్టానికీ కాలుష్యానికీ మూలం ఒక్కటే కాబట్టి, పరిష్కారాన్ని కూడా అక్కడే వెతకాలి.

మూడు దారులు కనిపించాయి. దిగువ మడులను తవ్వి, మురుగు గొట్టాలు వేసి, కొత్త రకం నాటడం ఒకటి. కానీ పీట్ లోతు ఎక్కువ కావడంతో ఖర్చుకు హద్దు చెప్పలేని పరిస్థితి, భాస్వరం సమస్య తీరుతుందన్న హామీ కూడా లేదు. వాటిని అలాగే ఉంచి ఎరువు పూర్తిగా మానేయడం రెండోది. చెరువుకు కొంత మేలు, రైతుకు నష్టం యథాతథం. మూడోది వాటిని సాగు నుంచి తప్పించి, ఆ డబ్బును, శ్రమను ఎగువన ఉన్న ఒక మంచి మడిని కొత్త సంకర రకంతో తిరిగి నాటడానికి మళ్లించడం. మేం మూడోదాన్ని ఎంచుకున్నాం. ఆ మడులను తయారు చేసింది తన ముందు తరాల వారు కావడంతో రైతుకు ఆ నిర్ణయం బరువైనది. ఒక పంటకాలం ఆలోచించుకున్నారు. తొందరపెట్టలేదు.

తిరిగి నాటే ఖర్చులో 25 శాతం, ఏడాదికి 1,00,000 డాలర్లు మించకుండా, మసాచుసెట్స్ ప్రభుత్వం 2020 నుంచి ఆదాయపు పన్నులో రాయితీగా ఇస్తోంది. అది లేకపోతే ఈ దారి ఆర్థికంగా నిలబడేది కాదు. కొత్త మడికి పాత మడి నియమం వర్తించదని ఇక్కడ గట్టిగా చెప్పాలి. లేత మొక్కలు వేరూనడానికి భాస్వరం కావాలి, నేలను తీగలు కప్పేదాకా అది కొట్టుకుపోయే ప్రమాదం కూడా ఎక్కువ. అందుకని ఎరువును చిన్న మోతాదుల్లో పలుమార్లు వేసి, ఆ మడి తూమును మూసి, నీరు కుంట దాటకుండా చూశాం.

ఫలితం

సాగులో ఉన్న విస్తీర్ణం తగ్గింది. ఎకరానికి సగటు దిగుబడి పెరిగింది. ఎరువు, మందులు, డీజిల్ ఖర్చులు తగ్గాయి. కొత్త మడి కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది కనుక ఆ మధ్యకాలంలో చేతిలో డబ్బు ఆడలేదు. కుటుంబంలో ఒకరికి బయట జీతం ఉండబట్టే గట్టెక్కారు. ఇదే సలహా మరొక తోటకు ఇచ్చేముందు, ఆ మధ్యకాలానికి బయటి ఆదాయం ఏమైనా ఉందా అన్నదే ఇప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న.

తోట నుంచి చెరువుకు చేరే భాస్వరం స్పష్టంగా తగ్గింది. చెరువు మాత్రం ఇంకా పూర్తిగా తేరుకోలేదు, ఎండలు ముదిరిన వేసవుల్లో నాచు వస్తూనే ఉంది. దశాబ్దాలుగా అడుగున చేరిన బురద తన భాస్వరాన్ని తిరిగి వదులుతోంది, ఒడ్డున ఉన్న ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల నుంచి వచ్చేదీ ఉంది. ఈ విషయాన్ని ఊరి సమావేశంలో రైతు తన కొలతల పట్టికలతో చూపించగలిగారు. తాను ఏం చేశాడో అంకెల్లో చూపిన వ్యక్తి మీరేం చేస్తారని పొరుగువారిని అడిగినప్పుడు, ఆ ప్రశ్నను పక్కన పెట్టడం వారికి కష్టమైంది. సెప్టిక్ వ్యవస్థల గురించిన చర్చ ఆ తరువాతే మొదలైంది.

తప్పించిన మూడు మడులను తిరిగి సహజమైన చిత్తడి నేలగా మార్చే పని ఇంకా నడుస్తోంది. ప్లిమత్‌లోని టిడ్‌మార్ష్‌లో ఇలాగే సాగు మానేసిన పెద్ద తోటలో కాలువలు పూడ్చి, వాగును మెలికలు తిరిగే దారికి మళ్లించి, 2017లో వన్యప్రాణుల రక్షిత ప్రాంతంగా ప్రారంభించారు. దాన్ని చూసి వచ్చాక రైతుకు తన మడుల గురించి కొత్త ఊహ కలిగింది. అయితే కాలువలు పూడ్చి నీరు శాశ్వతంగా నిలిపితే, ఇన్నేళ్లు వేసిన ఎరువులోంచి పీట్‌లో మిగిలిన భాస్వరం మళ్లీ కరిగి బయటపడుతుంది; మూడు వారాలు నిలిపిన కోత నీటిలో చూసిన రసాయన చర్యే ఇదీ. కాబట్టి పూడ్చే ముందు మూడు మడుల్లో లోతు వారీగా నేల నమూనాలు తీస్తున్నాం. భాస్వరం ఎక్కువగా ఉన్న పై పొరను కొన్నిచోట్ల తొలగించాలా, లేక ఇసుకతో కప్పాలా అన్నది ఆ ఫలితాలు వచ్చాక తేలుతుంది. అప్పటిదాకా చివరి తూము పలకలు దించే ఉంచాం. ఎరువు మానేసిన మడులే అయినా, అక్కడ నీటి నమూనాలు తీయడం మానలేదు.